3, 4 నంబర్ ఐరన్లు ఎక్కడికి పోయాయి? హైబ్రిడ్ క్లబ్‌ల చుట్టూ తిరిగే వాదన

డల్లాస్‌లో ఉన్న కొడుకు పంపిన గోల్ఫ్ సెట్టును మా పక్కింటి సార్ హాల్లో నేల మీద పరిచి లెక్కపెట్టారు. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి నాకు ఫోన్ చేశారు. "అన్నా, ఇండ్ల మూడు, నాలుగు నంబర్ ఐరన్లు లేవు. దారిల ఎవలన్న తీసిన్రా ఏంది?"

హనుమకొండలో మా ఇళ్ల మధ్య ఉన్నది ఒక్క గోడే. వెళ్లి చూశాను. డ్రైవర్, 3 వుడ్, 5 నుంచి 9 దాకా ఐరన్లు, మూడు వెడ్జ్‌లు (దగ్గర నుంచి బంతిని పైకి లేపేవి), పటర్ (బంతిని నేలబారున దొర్లించేది) ఉన్నాయి. వాటితో పాటు నిమ్మకాయంత కాదుగానీ బత్తాయంత బుర్రలున్న రెండు క్లబ్‌లు (బంతిని కొట్టే కర్రే క్లబ్, దాని చివర బంతికి తగిలే భాగం బుర్ర). వాటి అడుగున 3, 4 అంకెలు, పక్కనే హెచ్ అక్షరం. హెచ్ అంటే హైబ్రిడ్. ఎవరూ ఏమీ తీయలేదు, సెట్టు వచ్చిందే అలా.

సార్‌కు అది రుచించలేదు. ఉద్యోగంలో భాగంగా బెంగళూరులో ఉన్న రోజుల్లో ఆయన నేర్చుకున్న ఆటలో 3 ఐరన్ కొట్టగలవాడే మొనగాడు. ఈ గొడవ ఆయనొక్కడిదే కాదు. మేం నలుగురం నెలకో రెండుసార్లు తెల్లారకముందే బయల్దేరి జనగామ, భువనగిరి మీదుగా హైదరాబాద్ వెళ్లి ఆడి వస్తాం. పోనురాను మూడు వందల కిలోమీటర్లు, అందులో సగం దూరం ఈ వాదనే. ఒకాయన హైబ్రిడ్ ముసలివాళ్ల చేతికర్ర అంటాడు. ఇంకొకాయన 7 వుడ్ ఉండగా హైబ్రిడ్ దేనికి అంటాడు. ముగ్గురూ తలా ఒక సంగతి పట్టుకుని మాట్లాడుతున్నారని నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

ముందు పేర్ల చిక్కు విప్పుకుందాం

వుడ్ అంటే ఇప్పుడు కట్టె కాదు. ఒకప్పుడు పర్సిమన్ అనే గట్టి చెక్కతో ఆ బుర్రలు చేసేవారు. 1979లో టేలర్‌మేడ్ సంస్థ స్టీలు బుర్రతో తెచ్చాక చెక్క మెల్లగా పోయింది, పేరు మాత్రం మిగిలింది. వుడ్ బుర్ర పెద్దది, గుండ్రటిది, లోపల డొల్ల. ఐరన్ బుర్ర పలుచటి పలక. వుడ్ దూరానికి, ఐరన్ గురికి అని మొదటిరోజే చెప్తారు.

ఇక లాఫ్ట్. క్లబ్ ముఖం వెనక్కి ఎంత వాలి ఉందో చెప్పే కోణం అది. వాలు తక్కువైతే బంతి కిందుగా దూరం పోతుంది, ఎక్కువైతే పైకి లేచి దగ్గర్లో పడుతుంది. అంకె చిన్నదైతే లాఫ్ట్ తక్కువ, కర్ర పొడవు ఎక్కువ. అందుకే 2, 3, 4 ఐరన్లను పొడవాటి ఐరన్లు అంటారు.

సంచిలో 14 క్లబ్‌లకు మించి ఉండకూడదు. అమెరికాలో 1938 నుంచి ఉన్న నియమం ఇది. ఈ ఒక్క నియమం లేకపోతే అసలు వాదనే లేదు, అన్నీ మోసుకుపోయేవాళ్లం. ఒకటి పెట్టుకోవాలంటే ఒకటి తీయాలి కాబట్టే ఇంత రచ్చ.

పొడవాటి ఐరన్ ఎందుకు మాట వినదు

మిద్దె మీద మొక్కలకు పైపుతో నీళ్లు పట్టినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మోటారు జోరుగా పోస్తుంటే పైపును కాస్త కిందికి వంచినా ధార చివరి కుండీ దాకా పోతుంది. జోరు లేనప్పుడు అదే వంపులో పట్టుకుంటే కాళ్ల దగ్గరే పడుతుంది. దూరం పోవాలంటే పైపును ఇంకాస్త పైకెత్తాలి.

3 ఐరన్ అంటే కిందికి వంచిన పైపు. దాంతో బంతి లేవాలంటే వేగం కావాలి. ట్రాక్‌మ్యాన్ అనే కొలత పరికరం వాళ్లు ప్రచురించిన సగటుల్లో పీజీఏ టూర్ (అమెరికా ప్రొఫెషనల్ పోటీల) ఆటగాడు 3 ఐరన్‌ను గంటకు 98 మైళ్ల వేగంతో తిప్పుతాడు, బంతి గాల్లోనే 212 గజాలు పోతుంది. మనలాంటి వాళ్లు డ్రైవర్‌ను, అంటే సంచిలో అన్నిటికన్నా పొడవైన క్లబ్‌ను, బలమంతా పెట్టి ఊపినా చాలామందికి ఆ 98 రాదు.

రెండో ఇబ్బంది బరువు ఉండే చోటు. పలుచటి పలకలో బరువంతా ముఖానికి ఆనుకునే ఉంటుంది. గురుత్వకేంద్రం ఎంత కిందికి, ఎంత వెనక్కి ఉంటే బంతి అంత తేలిగ్గా లేస్తుంది. పాతకాలపు 3 ఐరన్‌లో వెనక్కి జరపడానికి వెనకంటూ ఏమీ లేదు. బంతి ముఖం మధ్యలో తగలకుండా అర అంగుళం పక్కకు తగిలిందా, బుర్ర మెలి తిరిగి దూరం తగ్గుతుంది, దిశా తప్పుతుంది. చిన్నప్పుడు చిర్రగోనె ఆడినవాళ్లకు ఆ బాధ చేతులకే తెలుసు. చిర్ర కొసకు తగిలితే అరిచేతుల్లో ఝుమ్మంటుంది, చిర్ర మాత్రం పక్కింటి పెరట్లో పడుతుంది.

అమెరికా గోల్ఫర్ లీ ట్రెవినో చెప్పే జోకు ఒకటి గోల్ఫ్ ఆడే ప్రతివాడికీ తెలుసు. ఉరుములు మెరుపులు వస్తే 1 ఐరన్ పైకెత్తి పట్టుకోండి, దాన్ని దేవుడు కూడా కొట్టలేడు అని. ఆయన మీద 1975లో నిజంగానే పిడుగు పడింది, బతికాడు కాబట్టి నవ్వుకోగలుగుతున్నాం.

రెండిటి నడుమ పుట్టిన బుర్ర

వుడ్ లాగా డొల్ల బుర్ర, ఐరన్‌కు దగ్గరగా ఉండే కర్ర పొడవు, ఈ రెండూ కలిపితే హైబ్రిడ్. ఉజ్జాయింపుగా 3 ఐరన్ పొడవు 39 అంగుళాలు, 3 హైబ్రిడ్ 40 అంగుళాలు, 5 వుడ్ 42 అంగుళాలు. ఆలోచన కొత్తదేమీ కాదు. కోబ్రా సంస్థ 1975లోనే బాఫ్లర్ పేరుతో అడుగున పట్టీలున్న చిన్న వుడ్ తెచ్చింది. హైబ్రిడ్ అందరి సంచుల్లోకి దూరింది మాత్రం 2000 తర్వాతే. అప్పుడే బంతి కూడా మారింది. ప్రో వీ1 లాంటి గట్టి గుండె ఉన్న బంతులు వచ్చాక పొడవాటి క్లబ్‌లతో కొట్టినప్పుడు స్పిన్ తగ్గింది. స్పిన్ తగ్గితే బంతి గాల్లో నిలబడదు. అసలే లేవని 3 ఐరన్‌కు కొత్త బంతి ఇంకో అడ్డంకి అయింది.

హైబ్రిడ్ అసలు సత్తా రఫ్‌లో, అంటే కోయకుండా వదిలిన గడ్డిలో తెలుస్తుంది. వానాకాలం చివర్లో మన చేల గట్ల మీద గడ్డి ఎలా ఉంటుందో తెలుసు కదా, తడితడిగా, కాళ్లకు చుట్టుకునేలా. అక్కడ ఐరన్ నాగలి కర్రులా దిగబడుతుంది. గడ్డి వచ్చి కర్రకూ బుర్రకూ అతుకు ఉండే మెడ దగ్గర, గోల్ఫ్ భాషలో హోసెల్ దగ్గర, చుట్టుకుంటుంది. ముఖం మూసుకుపోయి బంతి ఎడమకు పోతుంది. హైబ్రిడ్ అడుగు వెడల్పు, నునుపు. దున్నిన పొలంలో చదును చెక్క జారినట్టు గడ్డి మీద జారుతుంది. 3 వుడ్ అయితే బుర్ర మరీ పెద్దదవడంతో ఎదురయ్యే గడ్డీ ఎక్కువే. అయితే మోకాలి లోతు గడ్డిలో హైబ్రిడ్ కూడా ఏమీ చేయలేదు. అక్కడ వెడ్జ్ తీసి బయటపడటమే.

పెద్ద వేదికల మీద దీని పేరు నిలబెట్టిన రెండు దెబ్బలున్నాయి. 2004లో రాయల్ ట్రూన్‌లో ఓపెన్ చాంపియన్‌షిప్. ఎర్నీ ఎల్స్‌తో నాలుగు హోళ్ల ప్లేఆఫ్‌లో (సమానంగా నిలిచినవాళ్ల అదనపు ఆటలో) చివరి హోల్ దగ్గర టాడ్ హామిల్టన్ బంతి గ్రీన్ (జెండా చుట్టూ ఉండే నున్నటి గడ్డి) బయట ఆగింది. ఇంకా 30 గజాలుంది. అందరూ వెడ్జ్ తీస్తాడనుకుంటే ఆయన హైబ్రిడ్ తీసి, పటర్ పట్టినట్టు పట్టి, బంతిని నేలబారున దొర్లించి జెండాకు రెండడుగుల దగ్గర ఆపాడు. దూరం కోసం చేసిన క్లబ్ 30 గజాలకు పనికొచ్చి ఓపెన్ గెలిపించింది.

రెండోది 2009 పీజీఏ చాంపియన్‌షిప్, హేజెల్టీన్. అప్పటిదాకా మూడు రోజుల ఆట ముగిసేసరికి ముందున్న 14 మేజర్లలో (ఏటా జరిగే నాలుగు అతిపెద్ద పోటీలను మేజర్లు అంటారు) టైగర్ వుడ్స్ ఒక్కటీ పోగొట్టుకోలేదు. ఆ రికార్డు ముందు నిలబడి, చివరి హోల్‌లో దక్షిణ కొరియాకు చెందిన వై.ఇ. యాంగ్ 206 గజాల నుంచి హైబ్రిడ్‌తో చెట్టు మీదుగా కొట్టాడు. బంతి జెండాకు పది పన్నెండు అడుగుల్లో పడి ఆగింది. ఆసియాలో పుట్టి పురుషుల మేజర్ గెలిచిన మొదటివాడు ఆయనే. అక్కడ యాంగ్‌కు కావలసింది దూరం ఒక్కటే కాదు. బంతి చెట్టు దాటేంత ఎత్తు లేవాలి, పడ్డాక గ్రీన్ మీద ఆగాలి కూడా.

5 అని రాసి ఉన్నంత మాత్రాన 5 కాదు

సార్ ప్రశ్నకు జవాబు సగం ఇక్కడుంది. క్లబ్ మీద అంకె వేయడానికి ఏ చట్టమూ లేదు. 1980ల్లో 7 ఐరన్ లాఫ్ట్ 35 డిగ్రీల చుట్టూ ఉండేది. ఇప్పుడు మామూలు ఆటగాళ్ల కోసం చేసే చాలా సెట్లలో అది 28 నుంచి 30 మధ్య ఉంటోంది. అంకె అదే, వాలు తగ్గింది, కర్ర కాస్త పెరిగింది. కొట్టి చూసినవాడు "నా పాత 7 కన్నా పది గజాలు ఎక్కువ పోతోంది" అని మురిసిపోతాడు. కంపెనీలు మోసం చేస్తున్నాయని కొందరంటారు. కొత్త బుర్రల్లో బరువు కిందికి దింపారు కాబట్టి పాత లాఫ్ట్ ఉంచితే బంతి మరీ పైకి లేస్తుంది, అందుకే తగ్గించామని కంపెనీలంటాయి. రెండు మాటల్లోనూ నిజం ఉంది. నా మటుకు నాకు లాఫ్ట్ తగ్గించడం మీద అభ్యంతరం లేదు, ఆ డిగ్రీలు కూడా అంకె పక్కనే పెద్దగా వేస్తే బాగుండేది.

సార్ కొత్త సెట్టులో 5 ఐరన్ లాఫ్ట్ 23 డిగ్రీలు. పాత సెట్లలో 3 ఐరన్ సుమారు 21, 4 ఐరన్ సుమారు 24. అంటే ఆయన వెతుకుతున్న 4 ఐరన్ ఎక్కడికీ పోలేదు, 5 అంకె వేసుకుని ఆయన చేతిలోనే ఉంది. ఈ లెక్కన కొత్త సెట్టులో నిజంగా 3 ఐరన్ చేస్తే అది పాత 1 ఐరన్ దగ్గరికి పోతుంది. ట్రెవినో జోకు గుర్తుంది కదా.

అందుకే "4 ఐరన్ తీసి 4 హైబ్రిడ్ పెట్టు" అనే సలహా పైకి కనిపించినంత సూటిగా లేదు. ఏ 4? ఏ ఏటిది?

సార్ సంచితో ఒక లెక్క

హైదరాబాద్‌లో రేంజ్‌కు, అంటే సాధన చేసే చోటికి, వెళ్లినప్పుడు సార్‌తో ఒక్కో క్లబ్‌కు పది బంతులు కొట్టించాం. బాగా తగిలినవీ చచ్చు దెబ్బలూ కలిపే సగటు తీశాం. సార్ బాగా తగిలినవే లెక్కలోకి రావాలని పట్టుబట్టారు గానీ ఒప్పుకోలేదు. కొలిచింది క్యారీ, అంటే బంతి గాల్లో పోయిన దూరం.

7 ఐరన్ 130 గజాలు, 6 ఐరన్ 140, 5 ఐరన్ 147. తర్వాత నా పాత సెట్టులోని 4, 3 ఐరన్లు ఇచ్చాను. 4 ఐరన్ 149 వచ్చింది, 3 ఐరన్ 146. మళ్లీ చదవండి. 5, 4, 3 మూడూ ఒకే దూరం. మూడు గజాల తేడాలో మూడు క్లబ్‌లు, 14లో మూడు చోట్లు. పైపులో జోరు చాలనప్పుడు ధార ఎక్కడ పడుతుందో ఇక్కడ అంకెల్లో కనిపించింది.

తర్వాత 4 హైబ్రిడ్. దాని లాఫ్ట్ 22, అంటే 5 ఐరన్‌కు ఒక్క డిగ్రీ తేడా. కానీ 161 గజాలు పోయింది. లాఫ్ట్ దాదాపు అదే అయినా కర్ర పొడవు పెరిగింది, బరువు వెనక్కి పోయింది, ముఖం పలుచనై స్ప్రింగులా తోసింది. 3 హైబ్రిడ్ 168 వచ్చింది, 3 వుడ్ 182.

ఇప్పుడు 165 గజాల పార్ 3 హోల్ (మూడు దెబ్బల్లో ముగించాల్సింది) ఊహించుకోండి, గ్రీన్‌కు ముందు ఇసుక గుంత ఉంది, దాన్ని దాటడానికి 155 గజాలు గాల్లో పోవాలి. పాత 4 ఐరన్‌తో సార్ బంతి 149 దగ్గర పడి, ఖాళీ నేల అయితే దొర్లి 165కు చేరేదే. అందుకే ఆయన ఇన్నేళ్లూ "నా 4 ఐరన్ 165" అని నమ్మారు. కానీ 149 దగ్గర ఉన్నది ఇసుక. హైబ్రిడ్ బంతి 161 దగ్గర, గ్రీన్ మీద, ఏటవాలుగా పైనుంచి పడుతుంది, నాలుగడుగులు దొర్లి ఆగుతుంది. 3 వుడ్ తీస్తే ఇసుకనూ గ్రీన్‌నూ రెండిటినీ దాటి అవతల పడుతుంది.

ఈ లెక్క హైబ్రిడ్‌కు కూడా పూర్తిగా వత్తాసు పలకలేదు. 4 హైబ్రిడ్‌కూ 3 హైబ్రిడ్‌కూ తేడా ఏడు గజాలే. సంచిలో ఒక చోటు తినడానికి ఏడు గజాలు చాలదు. మరోపక్క 6 ఐరన్ నుంచి 4 హైబ్రిడ్ దాకా 21 గజాల ఖాళీలో 5 ఐరన్ సరిగ్గా కూర్చోలేదు. 25 డిగ్రీల 5 హైబ్రిడ్ అయితే 150 దాటేదని మా అంచనా. డ్రైవర్, 3 వుడ్, 4, 5 హైబ్రిడ్లు, 6 నుంచి 9 ఐరన్లు, మూడు వెడ్జ్‌లు, పటర్. మొత్తం 12. ఇంకా రెండు చోట్లు మిగులుతాయి.

"ఎడమకు లాగుతుంది" అనేవాళ్ల మాట

హైబ్రిడ్ మీద ఫిర్యాదుల్లో అన్నిటికన్నా ఎక్కువ వినిపించేది ఇదే, ఇందులో పస ఉంది. కుడిచేతి ఆటగాడికి బంతి ఎడమకు ఒంపు తిరుగుతుంది. చాలా కంపెనీలు హైబ్రిడ్లను బంతిని కుడికి కోసేసే కొత్తవాళ్ల కోసం చేస్తాయి. అందుకని ముఖం తేలిగ్గా మూసుకునేలా బరువు మడమ వైపు పెడతాయి. అసలే ముఖం బాగా మూసే ఆటగాడి చేతిలో అది అతి అవుతుంది. బరువు వెనక్కి ఉండటం వల్ల ఇంకోటి జరుగుతుంది. బంతి ముఖం కొసకు తగిలితే బుర్ర ఒకవైపు తిరుగుతుంది, బంతి పళ్ల చక్రంలా దానికి ఎదురు తిరుగుతుంది, ఆ స్పిన్ ఎడమకు లాగుతుంది. ఐరన్‌లో ఈ ప్రభావం చాలా తక్కువ. అందుకే ఐరన్‌తో గురి బాగా కుదిరినవాళ్లకు హైబ్రిడ్ అంటే టెన్షన్.

గాలి సంగతీ ఉంది. మనకు జూన్, జూలైలో ఎదురుగాలి వీస్తుంటే ఎత్తుకు లేచిన బంతి గాలిపటం అవుతుంది. ఇక్కడ 2006 ఓపెన్ చెప్పుకోవాలి. ఆ ఏడాది హోయ్‌లేక్ మైదానం ఎండకు మాడి మన మే నెల చేలలా ఉంది. బంతి ఎటు పడినా దొర్లిపోతోంది. టైగర్ వుడ్స్ నాలుగు రోజుల్లో డ్రైవర్ తీసింది ఒక్కసారే. పొడవాటి ఐరన్లతో నేలబారుగా కొట్టి, బంతిని దొర్లించి గెలిచాడు. అంతకన్నా ముందు 1972లో పెబుల్ బీచ్ 17వ హోల్‌లో జాక్ నిక్లాస్ ఎదురుగాలిలో కొట్టిన 1 ఐరన్ బంతి జెండా కర్రకే తగిలి పక్కన ఆగింది. ఆ రెండు చోట్లా హైబ్రిడ్ తీయమని నేనైతే చెప్పను. వాళ్ల వేగం మనకు ఉంటే మనకూ చెప్పను.

మా కారులో ఐరన్ పక్షం ఆయన వయసు 34. కాలేజీలో జావెలిన్ విసిరేవాడు. ఆయన 4 ఐరన్ 185 గజాలు గాల్లో పోతుంది. "ముసలివాళ్ల చేతికర్ర" అనే మాట ఆయన సంచి వరకూ నిజం.

7 వుడ్ వాళ్లు మూడో పక్షం

ఇన్నాళ్లూ 7 వుడ్ అంటే నవ్వేవాళ్లు. 2020 నవంబరులో డస్టిన్ జాన్సన్ అగస్టాలో 20 అండర్‌తో, అంటే పార్ కన్నా 20 దెబ్బలు తక్కువతో, మాస్టర్స్ రికార్డు కొట్టినప్పుడు ఆయన సంచిలో 7 వుడ్ ఉంది. ఆ తర్వాత నవ్వడం తగ్గింది. లాఫ్ట్ 21 డిగ్రీల చుట్టూ ఉంటుంది, 4 హైబ్రిడ్‌కు దగ్గరే. బుర్ర పెద్దది, కర్ర అంగుళంన్నర ఎక్కువ పొడవు, బంతి ఇంకా ఎత్తు లేస్తుంది, ఇంకా మెత్తగా దిగుతుంది, ఎడమకు లాగడం తక్కువ. మరి హైబ్రిడ్ దేనికి?

తేడా ఎక్కువగా చేతి ఊపులో ఉంది. కొందరు గొడ్డలితో నరికినట్టు పైనుంచి కిందికి కొడతారు. బంతి తర్వాత నేల మీద ఒక గడ్డి బిళ్ల లేస్తుంది. వాళ్లకు హైబ్రిడ్ కుదురుతుంది, దాన్ని ఐరన్ లాగే కొట్టాలి కాబట్టి. కొందరు చీపురుతో వాకిలి ఊడ్చినట్టు కొడతారు, వాళ్లకు వుడ్. హైబ్రిడ్ చూడటానికి వుడ్‌లా ఉంది కదా అని ఊడ్చబోయి, బంతి నెత్తి మీద కొట్టి, క్లబ్‌ను తిట్టేవాళ్లే ఎక్కువ. గట్టి నేల మీద, గడ్డి పలచబడిన చోట వెడల్పు అడుగు ఎగిరి బంతి నడుముకు తగిలే ప్రమాదం రెండిటికీ ఉంది, వుడ్‌కు ఇంకాస్త ఎక్కువ.

బలం తక్కువైతే వుడ్ పట్టాలి అనేది చిన్నతనం కాదని చూపించింది మన అదితి అశోక్. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 ఆగస్టు 7న పొద్దున్నే చాయ్ పట్టుకుని టీవీ ముందు కూర్చున్నవాళ్లకు గుర్తుంటుంది. ఆ పోటీలో అతి తక్కువ దూరం కొట్టేవాళ్లలో ఆమె ఒకరు. మిగతావాళ్లు ఐరన్ తీసే చోట ఆమె అంతకన్నా పొడవైన క్లబ్ తీయాల్సి వచ్చేది. అయినా ఒక్క స్ట్రోక్ తేడాలో కాంస్యం తప్పి నాలుగో స్థానంలో నిలిచింది.

సార్ ఇప్పుడు 3 హైబ్రిడ్ ఇంట్లో పెట్టి 4 హైబ్రిడ్ ఒక్కటే తెస్తున్నారు. పొద్దున పూట మిద్దె మీద కొబ్బరి పీచు పట్టా వేసుకుని, ప్లాస్టిక్ బంతులతో, నరికినట్టు కొట్టడం సాధన చేస్తున్నారు. 5 హైబ్రిడ్ కోసం కొడుక్కి చెప్పారు. బెంగళూరు నాటి ఆ పాత 3 ఐరన్ మాత్రం అమ్మనన్నారు. గేటు పక్కన ఆనించి ఉంది. కోతులు గోడ ఎక్కినప్పుడు మేడమ్ దాన్ని గేటు మీద టంగుమని కొడతారు.